ప్రయాణ సందేహాలు: హాస్టల్ గేటు పడేలోగా హైదరాబాద్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు హాస్టల్లో ఉంటూ ఒక్కరోజులో నగరం చుట్టి రావాలనుకునే వాళ్లవే. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మేం ఆరుగురం అమ్మాయిలం. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాం. ఆదివారం ఒక్కటే ఖాళీ. రాత్రి తొమ్మిదికి గేటు వేసేస్తారు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, ట్యాంక్‌బండ్ ఒకే రోజు అవుతాయా?
– విద్యార్థినులు, నరసరావుపేట

జవాబు: అవ్వవు. గోల్కొండను ఇంకో ఆదివారానికి ఉంచుకోండి. చార్మినార్ నుంచి గోల్కొండ పది కిలోమీటర్ల పైమాటే. ఆదివారం ట్రాఫిక్‌లో పోను రాను రెండు గంటలు దారిలోనే పోతాయి. మిగతా మూడూ తీరిగ్గా అవుతాయి. కాకపోతే పొద్దున్న ఎన్నింటికి బయల్దేరాలన్నది కాదు, రాత్రి ఎన్నింటికి గేటు దగ్గర ఉండాలన్నది ముందు రాసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి. తొమ్మిదికి గేటంటే ఎనిమిదికి అమీర్‌పేట స్టేషన్లో దిగాలి. ఆ మధ్య గంట చేతిలో ఉంచుకోవాల్సిందే.

చాలామంది మెట్రో దిగగానే దగ్గరగా ఉందని సాలార్‌జంగ్‌లోకి వెళ్లిపోతారు. బయటికొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట, నెత్తిన ఎండ, చార్మినార్ దగ్గర మెట్ల కోసం క్యూ. దీన్ని తిరగేయండి. దూరంగా ఉన్నది ముందు, స్టేషన్‌కి దగ్గరగా ఉన్నది చివర.

ఎనిమిదిన్నరకల్లా అమీర్‌పేటలో ఎల్‌బీ నగర్ వైపు వెళ్లే రెడ్ లైన్ ఎక్కండి. అక్కడ రెండు లైన్లు కలుస్తాయి కాబట్టి గుంపులో వెళ్లి బ్లూ లైన్ ఎక్కేసే ప్రమాదముంది, బోర్డు చూసుకోండి. తొమ్మిదో స్టేషన్ ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్). చార్మినార్‌కి మెట్రో లేదు, అక్కడి నుంచి ఆటోయే. ఆటోలో ముగ్గురికే లెక్క గనక రెండు ఆటోలు కావాలి. రెండింటిలోనూ దారి తెలిసిన మనిషి ఒకరుండేలా చూసుకోండి.

చార్మినార్ తొమ్మిదిన్నరకి తెరుస్తారు. టికెట్ కౌంటర్లో 25 రూపాయలు, గేటు దగ్గరి క్యూఆర్ కోడ్‌తో ఆన్‌లైన్లో తీసుకుంటే 20. మినార్ లోపల 149 మెట్లు. మెలికలు తిరుగుతూ ఇరుకుగా, చీకటిగా ఉంటాయి, ఒక్కో మెట్టూ ఎత్తు. భుజాన పెద్ద బ్యాగులుంటే ఎదురొచ్చే వాళ్లకి దారి ఉండదు. చున్నీ నడుముకి కట్టేసుకోండి. సందర్శకుల్ని మొదటి అంతస్తు వరకే పంపిస్తారు. 1591లో కట్టిన ఆ వరండాలోంచి నాలుగు దిక్కులా నాలుగు బజార్లు తిన్నగా పోవడం కనిపిస్తుంది. కింద ఎంత తిరిగినా ఊరి ప్లాను అర్థం కాదు, పైనుంచి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

దిగాక అక్కడే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ కానిచ్చి, లాడ్ బజార్ మీదుగా చౌమహల్లా ప్యాలెస్‌కి నడవండి. కిలోమీటరు కూడా ఉండదు. పదికి తెరుస్తారు. దర్బారు హాల్లోని బెల్జియం షాండ్లియర్లు, వెనక ఆవరణలో పాత కార్లు చూడటానికి గంటన్నర చాలు. తిరిగొచ్చేసరికి లాడ్ బజార్లో దుకాణాలు తెరిచి ఉంటాయి, జనం ఇంకా ఉండరు. బేరానికి అదే మంచి వేళ. సాయంత్రం ఆరింటికి అదే వీధిలో భుజం భుజం రాసుకుంటూ నడవాలి, దుకాణదారుకి మీతో మాట్లాడే తీరిక కూడా ఉండదు.

ఒంటిగంట లోపు మదీనా సెంటర్ చేరి భోంచేయండి. ఆ తర్వాతైతే బల్లల కోసం నిలబడాలి. ఫుల్ బిర్యానీ ఒకటి ఇద్దరికి వస్తుంది, ఆరుగురూ ఆరు చెబితే సగం ప్లేట్లలోనే మిగిలిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం మీ హాస్టల్లో చికెన్ ఉంటుందేమో, ‘మాకు వద్దు’ అని వంటామెకి శనివారం రాత్రే చెప్పండి. రాత్రి భోజనం మాత్రం తీసి పెట్టమనండి.

రెండింటికి సాలార్‌జంగ్. మ్యూజియం మొత్తం చూడాలంటే ఒక పూట చాలదు, ఆ పంతం వద్దు. మేలిముసుగు రెబెక్కా, ఒకవైపు ‘ఫౌస్ట్’ నాటకంలోని దెయ్యం మెఫిస్టోఫిలిస్, మరోవైపు అందులోని అమ్మాయి మార్గరెటా కనిపించే చెక్క శిల్పం, దంతపు వస్తువులు, ఆయుధాలు, గడియారాలు చూస్తే మూడు గంటలు గడిచిపోతాయి. రెబెక్కా ముందు ఒక్క నిమిషం ఎక్కువే నిలబడండి. 1876లో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాయి అది. ముసుగు వెనక కళ్లు, ముక్కు తెలుస్తుంటాయి, ఉన్నదంతా ఒకే రాయి. మ్యూజికల్ క్లాక్‌లో గంట గంటకీ గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొట్టి వెళ్తాడు. మూడింటికైతే మూడే కొడతాడు. పన్నెండు దెబ్బలూ వినాల్సిందే అనుకుంటే పైన చెప్పిన వరస తిరగేసి, పావుతక్కువ పన్నెండుకే అక్కడ చోటు పట్టుకోవాలి. దానికోసం ఎండలో చార్మినార్ ఎక్కడం మా లెక్కలో గిట్టుబాటు కాదు.

ఐదింటికి మూసే వేళకి బయటపడితే ఎంజీబీఎస్ కిలోమీటరు పైచిలుకే. ట్రాఫిక్ ఆగిపోయి ఉంటే నడకే నయం. తిరుగు దారిలో లకడీకాపూల్‌లో దిగి లుంబినీ పార్కుకి ఆటోలో వెళ్లొచ్చు. 1992లో హుస్సేన్‌సాగర్ మధ్య నిలబెట్టిన బుద్ధ విగ్రహం దాకా పడవలు పోతాయి. ఏడూ పదిహేనుకి క్యూలోనే ఉంటే మాత్రం పడవ మానేసి వచ్చేయండి.

ప్రశ్న: సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదంటారు. నేను ఆధార్ చూపిస్తే కండక్టర్ డబ్బులు అడిగాడు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్ (సొంతూరు బాపట్ల)

జవాబు: మీ ఆధార్‌లో బాపట్ల చిరునామా ఉంది కాబట్టి. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం తెలంగాణ చిరునామా ఉన్న మహిళలకే. ఎన్నేళ్లుగా హైదరాబాద్ హాస్టల్లో ఉంటున్నా కార్డు మీది అడ్రసే లెక్క. కార్డు అసలుదే చూపించాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. పాన్ కార్డు మీద అడ్రస్ ఉండదు గనక అదీ పనికిరాదు. అర్హత ఉన్నవాళ్లు కూడా జీరో టికెట్ అడిగి తీసుకోవాలి. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే ఈ వీలు. మెట్రో డీలక్స్‌కి లేదు, మెట్రో రైలుకి అసలే లేదు.

ఈ ఒక్కదానికోసం ఆధార్‌లో హాస్టల్ అడ్రస్ ఎక్కించుకోవడం తెలివైన పని కాదు. హాస్టల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. పైగా 2025 ఆగస్టు 15 నుంచి ఏపీలో స్త్రీశక్తి కింద దొరుకుతున్న ఉచిత ప్రయాణం ఊరెళ్లినప్పుడు పోతుంది. మీ గుంపులో కొందరికి ఉచితం, కొందరికి లేదంటే, లేనివాళ్లు 24 గంటలు ఎన్ని బస్సులైనా ఎక్కగలిగే టి-24 టికెట్ తీసుకోవచ్చు. మూడు నాలుగు బస్సులు మారే రోజుకే అది లాభం.

ప్రశ్న: నాకు, నా రూమ్మేట్లకి వారాంతపు సెలవు శుక్రవారం. గచ్చిబౌలిలో హాస్టల్. పాతబస్తీ వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. శుక్రవారం సాలార్‌జంగ్ ఉండదు, చౌమహల్లా ఉండదు, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియమూ ఉండదు. మక్కా మసీదు చుట్టుపక్కల మధ్యాహ్నం నమాజు రద్దీ. ఆ రోజు మీకు గోల్కొండ సరైనది, గచ్చిబౌలికి దగ్గర కూడా. పొద్దున కోట చూసి, హాస్టల్‌కొచ్చి తిని, సాయంత్రం బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ పెట్టుకోండి. మందిరం మధ్యాహ్నం మూసి మూడింటికి తెరుస్తారు. ఫోన్లు లోపలికి రానివ్వరు, కింద కౌంటర్లో ఇచ్చి వెళ్లాలి. గుంపులో వెళ్లేవాళ్లు అందరి ఫోన్లూ ఇచ్చేముందే మళ్లీ ఎక్కడ కలవాలో చెప్పుకోవాలి. ఇక సోమవారం సెలవున్న పాఠకులకి ఒక మాట: ఆ రోజు జూపార్క్ మూసి ఉంటుంది.

ప్రశ్న: గోల్కొండ ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? సౌండ్ అండ్ లైట్ షో చూసి పదింటికి హాస్టల్ చేరగలమా?
– మిత్రబృందం, ఖమ్మం

జవాబు: పైదాకా దాదాపు 360 మెట్లు. ఆగుతూ ఎక్కితే ముప్పావు గంట, చూస్తూ తిరిగి దిగడానికి మొత్తం మూడు గంటలు. తొమ్మిదికే గేటు దగ్గర ఉండండి. పదకొండు దాటితే రాయి కాగి కింది నుంచి కూడా వేడి కొడుతుంది. ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఇంకొకటి కాబట్టి వెనకబడినవాళ్ల కోసం మధ్యలో కాక పైన బారాదరి (దర్బారు మంటపం) దగ్గర ఆగండి. మనిషికి లీటరు నీళ్లు కిందే కొనుక్కోండి. అరిగిపోయిన గ్రానైట్ మీద సన్నటి చెప్పులు జారతాయి, బూట్లు మేలు.

బాలాహిస్సార్ గేటు దాటగానే గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండపైన వినబడుతుంది. ఇది సరదాకి పెట్టింది కాదు, గేటు దగ్గర ఎవరొచ్చారో పైవాళ్లకి తెలిపే ఏర్పాటు. ఇద్దరిని ముందే పైకి పంపి ఫోన్లో మాట్లాడుకుంటూ కొట్టించుకుంటే తెలుస్తుంది. అందరూ ఒకేసారి కిందే కొడుతుంటే పైన ఏ చప్పుడు ఎవరిదో పోల్చలేరు. రామదాసు బందిఖానా చూడకుండా తెలుగువాళ్లెవరూ రారు, అది వేరే చెప్పక్కర్లేదు.

ఆషాఢమాసంలో ఆదివారాలు, గురువారాలు వద్దు. కొండమీది అమ్మవారికి బోనాలు, మెట్ల నిండా భక్తులే. బోనాలే చూడాలనుకుంటే అది వేరే సంగతి.

షో సాయంత్రం చీకటి పడ్డాక మొదలై సుమారు గంటసేపు ఉంటుంది. ఏ రోజు ఏ భాషో ముందే కనుక్కోండి. మొదటి ఆట చూస్తే పదికి చేరతారు, రెండో ఆట ఊసెత్తకండి. ఆరుబయట కూర్చోవాలి, దోమల క్రీము మరిచిపోవద్దు. ఆ గంట అయ్యాక జనమంతా ఒక్కసారి బయటికి రావడంతో ఆటోవాళ్లు చెప్పిందే రేటు. మెహదీపట్నం వైపు కొంత నడిచి ఎక్కితే తగ్గుతారు.

ఇంకొక్కటి. క్యాబ్ బుక్ చేసేటప్పుడు ‘గోల్కొండ ఫోర్ట్’ అనే కొట్టండి. గోల్కొండ క్రాస్‌రోడ్స్ అనేది ముషీరాబాద్ దగ్గర ఉంది. కోటకీ దానికీ సంబంధం లేదు, నగరానికి అవతలి పక్క.

ప్రశ్న: పరీక్ష రాయడానికి నలుగురం వస్తున్నాం. పరీక్ష మర్నాడు నగరం చూసి రాత్రి రైలెక్కాలి. హాస్టల్లో రోజు లెక్కన బెడ్ దొరుకుతుందా? బ్యాగులేం చేయాలి?
– శ్రీకాకుళం యువకులు

జవాబు: అమీర్‌పేట వైపు రోజు లెక్కన ఇచ్చే హాస్టళ్లున్నాయి. ఫోన్లో మూడు సంగతులు అడగండి: రోజంటే 24 గంటలా లేక పొద్దున్న పదింటి దాకానా, భోజనం కలిపా విడిగానా, ఖాళీ చేశాక సాయంత్రం వరకు బ్యాగులు ఉంచుకోనిస్తారా. మూడోది ఒప్పుకున్నచోటే దిగండి, పది ఇరవై ఎక్కువైనా సరే. స్నానం కూడా అక్కడే చేసి రైలెక్కొచ్చు. లాకరుంటుంది కానీ తాళం ఉండదు, చిన్నది ఇంటి నుంచే తెచ్చుకోండి.

ఆధార్ కాపీ అడుగుతారు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ జారీచేసే ఉడాయ్ (UIDAI) సైట్లో దొరుకుతుంది, ముందుగా అదిచ్చి చూడండి. టూరిస్టుల కోసం నడిచే డార్మిటరీ హాస్టళ్లలో అయితే లోకల్ ఐడీ వాళ్లకి బెడ్ ఇవ్వని చోట్లున్నాయి. రాత్రికి మీతోపాటే అక్కడ ఉందామని వచ్చే హైదరాబాదీ మిత్రుడు ఉంటే అతని సంగతి బుక్ చేసేముందే తేల్చుకోండి.

హాస్టల్లో కుదరకపోతే సికింద్రాబాద్ స్టేషన్ క్లోక్‌రూమ్. రైలు టికెట్ చూపించాలి, బ్యాగుకి తాళం లేకపోతే తీసుకోరు. జిప్పులకి తాళం పట్టని కాలేజీ బ్యాగులతో ఇక్కడే చిక్కు.

ప్రశ్న: లాడ్ బజార్లో లక్క గాజులు అసలువో కావో ఎలా తెలుసుకోవాలి? అక్కకి కొనాలి, సైజు తెలీదు.
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: రెండు గాజులు ఒకదానికొకటి తట్టండి. లోహపు గాజు ఖంగుమంటుంది, లక్కది మొద్దు చప్పుడు. లక్క గాజులో రాళ్లు మెత్తబడ్డ లక్కలో కూర్చి ఉంటాయి, అంచులు లక్కలోకి దిగి కనిపిస్తాయి. లోహపు గాజు మీద జిగురుతో అంటించినవైతే రాయి చుట్టూ జిగురు మెరుస్తుంది, గోటితో తడిమితే కదులుతుంది. కొన్ని దుకాణాల్లో నిప్పుల మీద లక్క వేడిచేసి, కడియానికి చుట్టి, రాళ్లు ఒక్కొక్కటే పొదుగుతూ ఎదురుగానే చేస్తారు. అక్కడ కొంటే అనుమానమే ఉండదు. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది.

సైజుకి అక్క పాత గాజు ఒకటి తెప్పించుకోవడం ఉత్తమం. కుదరకపోతే ఆమె గాజు లోపలి అడ్డకొలత స్కేలుతో కొలిచి చెప్పమనండి: రెండుంపావు అంగుళాలైతే 2-4, రెండున్నర అయితే 2-8, ఆ మధ్యది 2-6. లక్క గాజు మట్టి గాజులా గుప్పిట నొక్కి ఎక్కించేది కాదు, అనుమానముంటే పెద్ద సైజే తీసుకోండి. ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. వేడికి మెత్తబడి రాళ్లు పక్కకి జరుగుతాయి.