సీజన్ నడుమ నిబంధన మారితే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: లీగ్ సగం నడిచాక ఏదైనా నిబంధన మార్చగానే ఫుట్‌బాల్ అభిమానులు అన్యాయమంటూ గగ్గోలు పెడుతుంటారు. కొత్త నిబంధన ఆ రోజు నుంచి అన్ని జట్లకూ ఒకే తీరుగా వర్తిస్తున్నప్పుడు అన్యాయం ఎక్కడున్నదో నాకు అర్థం కాదు. 2020లో ముగ్గురు సబ్‌స్టిట్యూట్లకు బదులు ఐదుగురిని అనుమతించినప్పుడు కూడా ఏ జట్టుకూ ప్రత్యేక మినహాయింపు ఇవ్వలేదు కదా. దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకుడు

జవాబు: ఒక్క మ్యాచ్ వరకే చూస్తే మీ వాదనలో లోపం లేదు. ఆ 90 నిమిషాలూ రెండు జట్లూ ఒకే నిబంధన కింద ఆడుతున్నాయి కాబట్టి ఎవరికీ ఫిర్యాదు ఉండనక్కరలేదు. అయితే లీగ్ అంటే విడివిడి మ్యాచ్‌ల కుప్ప కాదు. 20 జట్ల లీగ్‌లో ప్రతి జట్టూ మిగిలిన 19 జట్లతో సొంత మైదానంలో ఒకసారి, ప్రత్యర్థి మైదానంలో ఒకసారి తలపడుతుంది. ఆ 38 మ్యాచ్‌ల మొత్తాన్ని బట్టే విజేత ఎవరో, కింది శ్రేణికి దిగేది ఎవరో తేలుతుంది. ఆగస్టులో గెలిచిన మూడు పాయింట్లకూ ఏప్రిల్‌లో గెలిచిన మూడు పాయింట్లకూ ఒకే విలువ ఇస్తున్నామంటే, అవి ఒకే ఆటలో వచ్చినవని ఒప్పుకున్నట్టే. ఇరవయ్యో మ్యాచ్ తర్వాత నిబంధన మారితే, బలమైన జట్లతో తమ మ్యాచ్‌లను అప్పటికే ముగించుకున్న జట్టు వాటిని పాత పద్ధతిలో ఆడి ఉంటుంది. అవే జట్లను ఇంకా ఎదుర్కోవలసిన జట్టు కొత్త పద్ధతిలో ఆడుతుంది. మ్యాచ్‌ల క్రమాన్ని ఏ జట్టూ ఎంచుకోలేదు గనుక ఈ తేడా వారి చేతిలో లేనిది.

మీరు ప్రస్తావించిన ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల విషయంలో దీనికి మించిన చిక్కు ఒకటి ఉంది. జట్టు కూర్పు సీజన్‌కు ముందే జరిగిపోతుంది. ముగ్గురినే మార్చగలమని తెలిసిన క్లబ్ తనకున్న డబ్బును మొదటి పదకొండు మంది మీద ఎక్కువగా వెచ్చించడం తెలివైన పనే. ఐదుగురిని మార్చవచ్చంటే గోల్‌కీపర్‌ను మినహాయించి మైదానంలో ఉన్న పది మందిలో సగం మందిని మార్చవచ్చన్నమాట. అప్పుడు లాభపడేది బెంచ్ మీద కూడా మేటి ఆటగాళ్లను కూర్చోబెట్టగల సంపన్న క్లబ్. పాత నిబంధనను నమ్మి పొదుపుగా జట్టును కూర్చుకున్నవాడు, బదిలీల గడువు ముగిసిపోయాక, దాన్ని సరిదిద్దుకునే దారి లేక చిక్కుకుపోతాడు.

ఇంత చెప్పినా, 2020 మేలో తీసుకున్న నిర్ణయం న్యాయమైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆట నిబంధనలను ఖరారు చేసే అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు మే 8న ఈ సడలింపును ప్రకటించింది. కోవిడ్ వల్ల వారాల తరబడి సాధనకు దూరమైన ఆటగాళ్లను తక్కువ వ్యవధిలో వరుస మ్యాచ్‌లు ఆడించవలసి వచ్చినప్పుడు, వారి శరీరాలను కాపాడటం పాయింట్ల పట్టిక కన్నా ముఖ్యం. పైగా జర్మనీ లీగ్ మే 16న, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ జూన్ 17న తిరిగి మొదలయ్యే ముందే నిబంధన అందరికీ తెలుసు. అది తాత్కాలికమని కూడా అప్పుడే చెప్పారు. అమలు చేయాలో వద్దో ఆయా లీగ్‌ల ఇష్టానికి వదిలారు. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు ఆ సీజన్ ముగియగానే ఓటు వేసి మళ్లీ ముగ్గురికే పరిమితమయ్యాయి. ఐదుగురి పద్ధతి అక్కడ శాశ్వతంగా వచ్చింది 2022-23 సీజన్ ఆరంభంలో.

దీనికి భిన్నంగా, ప్రీమియర్ లీగ్‌కు దిగువన ఉన్న మూడు ఇంగ్లిష్ డివిజన్లు 2020-21 సీజన్‌ను ముగ్గురు సబ్‌స్టిట్యూట్లతో ఆరంభించి, నవంబరులో ఐదుగురికి మారాయి. ఆటగాళ్ల అలసట నిజమైనదే, దాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. కాని ఆ సీజన్ ఆలస్యంగా సెప్టెంబరులో మొదలైందనీ, మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయనీ మొదటి మ్యాచ్‌కు ముందే తెలుసు. అప్పుడే తీసుకోవలసిన నిర్ణయాన్ని పట్టిక ఒక రూపానికి వచ్చాక తీసుకోవడం నాకు సమర్థనీయంగా కనిపించదు.

మంచి మార్పుకైనా జట్లు అలవాటు పడటానికి సమయం పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధనను సడలించి, దాడి చేసే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులకు బదులు ఇద్దరుంటే చాలన్నారు. ఆ మార్పు సీజన్ మొదటి రోజు నుంచే అమలైనా, అక్టోబరు 3న ఆర్సెనల్ 0-7 తేడాతో న్యూకాజిల్ చేతిలో చిత్తుగా ఓడింది. ఆ తర్వాతే హెర్బర్ట్ చాప్‌మన్ శిక్షణలోని ఆ జట్టు మధ్య వరుసలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి దించి మూడో రక్షకుడిగా నిలబెట్టి, చివరికి రెండో స్థానంలో నిలిచింది. సర్దుకోవడానికి ఆ జట్టు చేతిలో దాదాపు సీజనంతా మిగిలి ఉంది. అదే మార్పు ఫిబ్రవరిలో వచ్చి ఉంటే ఆ అవకాశం ఏదీ?

బోర్డు వ్యవస్థ ఈ సంగతిని ఎరిగే ఏర్పడింది. ఫిఫాకు నాలుగు ఓట్లు, నాలుగు బ్రిటిష్ సంఘాలకు ఒక్కొక్కటి చొప్పున ఉన్న ఎనిమిది ఓట్లలో ఆరు పడితే గాని మార్పు జరగదు. ఏడాది ఆరంభంలో ఆమోదించిన మార్పులు ఇప్పుడు సాధారణంగా జూలై 1 నుంచి వర్తిస్తాయి. ఆ తేదీకి నడుస్తూ ఉన్న పోటీలు వాటిని తమ తర్వాతి సీజన్‌కు వాయిదా వేసుకోవచ్చు.

ప్రశ్న: నిబంధన తప్పని అందరికీ తెలిసిపోయాక కూడా సీజన్ ముగిసేదాకా దాన్ని మోయాలా? తప్పును తెలిసిన రోజే దిద్దుకోవడం ధర్మం కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్న మొదటి ప్రశ్న కన్నా కష్టమైనది. జవాబుకు రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూడటం మేలు.

2020 సెప్టెంబరు 27న టాటెన్‌హామ్, న్యూకాజిల్ జట్ల మ్యాచ్ చివరి క్షణాల్లో, బంతి వైపు వీపు పెట్టి గాలిలోకి లేచిన టాటెన్‌హామ్ ఆటగాడు ఎరిక్ డయర్ చేతికి బంతి తగిలింది. హ్యాండ్‌బాల్ కింద పెనాల్టీ ఇచ్చారు; మ్యాచ్ 1-1తో ముగిసింది. విమర్శలు వెల్లువెత్తడంతో, చేతి స్థానం సహజమైనదా, తప్పించుకునే వ్యవధి ఉందా అన్నవి చూసి ఉదారంగా వ్యవహరించాలని ఇంగ్లండ్‌లో రిఫరీలకు రోజుల వ్యవధిలోనే సూచనలు అందాయి. నిబంధన పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు, కాని అంతవరకు పెనాల్టీ అయినది ఆపైన పెనాల్టీ కాకుండా పోయింది. కొత్త ధోరణి పాతదాని కన్నా సబబైనదని నేనూ ఒప్పుకుంటాను. అయినా టాటెన్‌హామ్ కోల్పోయిన రెండు పాయింట్లు తిరిగి రాలేదు. తర్వాతి వారాల్లో అదే విధంగా చేతికి బంతి తగిలిన మరో జట్టు పాయింట్లు నిలబెట్టుకోగలదు. ఇటువంటి మార్పులు మార్పులుగా నమోదు కావు. వాటికి ఓటింగ్ ఉండదు, అమలు తేదీ ఉండదు. అందువల్ల పుస్తకంలో జరిగే మార్పు కన్నా వీటి విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం.

రెండో ఉదంతం 2019లో ఫ్రాన్స్‌లో జరిగిన మహిళల ప్రపంచ కప్‌లోది. పెనాల్టీ తన్నే క్షణంలో గోల్‌కీపర్ కనీసం ఒక పాదాన్ని గీతపై ఉంచాలన్న కొత్త నిబంధన ఆ టోర్నీకి కాస్త ముందే అమల్లోకి వచ్చింది. అప్పట్లో గీత దాటితే పసుపు కార్డు తప్పేది కాదు. జూన్ 19న అర్జెంటీనాపై 3-0తో ముందున్న స్కాట్లండ్, మ్యాచ్ చివర్లో తన గోల్‌కీపర్ ఆపిన పెనాల్టీని మళ్లీ తన్నించడంతో 3-3తో ఆగిపోయి ఇంటిదారి పట్టింది. అది చూశాక అధికారులకు ఒక ప్రమాదం కనిపించింది. నాకౌట్ దశలో పెనాల్టీ షూటౌట్ జరిగితే గోల్‌కీపర్లకు రెండో పసుపు కార్డు పడి మైదానం వీడవలసి రావచ్చు. అక్కడ వారి స్థానంలో మరొకరిని దింపే వీలూ లేదు. అందుచేత జూన్ 21న బోర్డు షూటౌట్ల వరకు ఆ పసుపు కార్డును తాత్కాలికంగా ఎత్తివేసింది.

ఆ తేదీని ఒకసారి గమనించండి. గ్రూప్ దశ అప్పటికే ముగిసింది. నాకౌట్ మ్యాచ్‌లు మొదలయ్యేది 22న. అంతవరకు ఆ టోర్నీలో ఒక్క షూటౌట్ కూడా జరగలేదు. మొదటిది మర్నాడే నార్వే, ఆస్ట్రేలియాల మధ్య జరిగింది. అంటే ఆ నిబంధన వల్ల లాభపడినవారు గాని నష్టపోయినవారు గాని మార్పు వేళకు ఎవరూ లేరు. స్కాట్లండ్‌ను దెబ్బ తీసిన నిబంధనను, అంటే గీత దాటితే పెనాల్టీ మళ్లీ తన్నించడాన్ని, వారు ముట్టుకోలేదు. స్కాట్లండ్ అభిమానులకు అది ఎంత చేదుగా ఉన్నా, ఆ సంయమనం సరైనదే. మ్యాచ్ నడుస్తున్నప్పుడు వచ్చే పెనాల్టీల విషయంలో ఆ నిబంధన కొన్ని జట్ల భవితవ్యాన్ని తేల్చేసింది గనుక, మిగిలిన జట్లకు మాత్రం దాన్ని సడలించడం కొత్త అన్యాయమయ్యేది.

తప్పుడు నిబంధన ఎవరి పాయింట్లనూ ఇంకా తాకనప్పుడు, లేదా ఆటగాళ్ల భద్రతకు ముప్పు ఉన్నప్పుడు వెంటనే మార్చండి. అది ఇప్పటికే కొందరి లెక్కను తేల్చేసి ఉంటే, సీజన్ చివరిదాకా మోయడమే ఉన్న దారుల్లో తక్కువ అన్యాయమైనది.

ప్రశ్న: మేము ఎనిమిది జట్ల అమెచ్యూర్ లీగ్ నిర్వహిస్తున్నాము. ఒక జట్టు మధ్యలో తప్పుకుంది. దానితో ఆడి గెలిచిన నాలుగు జట్లకు పాయింట్లున్నాయి, ఆడని మూడు జట్లకు లేవు. ఇలా జరిగితే ఏం చేయాలో మా నిబంధనల్లో రాసుకోలేదు. ఆ ఫలితాలను రద్దు చేస్తే నిబంధన మార్చినట్టు అవుతుందా?
– ఒక నిర్వాహకుడు

జవాబు: ఉన్న నిబంధనను తీసివేయడం వేరు, లేని చోట ఒకటి రాసుకోవడం వేరు. మీరు రెండోది చేయక తప్పదు కాబట్టి అది తప్పు కాదు. కాని రెండింటిలోనూ ఉన్న ప్రమాదం ఒకటే: ఏ నిర్ణయం తీసుకుంటే ఎవరు పైకి వెళ్తారో నిర్ణయించేవారికి ముందే తెలుసు.

2020లో ఆగిపోయిన లీగ్‌లు పడిన పాట్లు దీన్నే చూపించాయి. నెదర్లాండ్స్ విజేతనే ప్రకటించకుండా, ఎవరినీ దించకుండా, ఎవరినీ పైకి తేకుండా సీజన్‌ను ముగించింది. రెండో శ్రేణిలో అగ్రస్థానంలో ఉన్న కాంబూర్ అక్కడే ఉండిపోయింది. ఫ్రాన్స్ మ్యాచ్‌కు సగటు పాయింట్ల లెక్కన పట్టికను ఖరారు చేసి ఆమియాఁ, టులూజ్‌లను దించింది. స్కాట్లండ్‌లో హార్ట్స్ క్లబ్ తనను కింది శ్రేణికి దించడాన్ని మధ్యవర్తిత్వ మండలి దాకా సవాలు చేసి ఓడిపోయింది. ఇంగ్లండ్ మూడో శ్రేణిలో ఎనిమిదో స్థానాన ఉన్న వికంబ్ సగటు లెక్కతో మూడో స్థానానికి ఎగబాకి, ప్లేఆఫ్‌లు గెలిచి పై శ్రేణికి చేరింది. ఇన్ని పద్ధతుల్లో ఏ ఒక్కటీ అందరికీ న్యాయంగా తోచలేదు. అయినా అవన్నీ ఖాళీని పూరించడానికి చేసిన ప్రయత్నాలు. అర్జెంటీనా సంఘం 2024 జూలైలో, సీజన్ నడుస్తుండగానే ఆ ఏడాదికి రెలిగేషన్‌ను, అంటే కింది శ్రేణికి దించడాన్ని, ఎత్తివేయడాన్ని మాత్రం ఆ కోవలో చేర్చలేను. అక్కడ ఆట ఆగలేదు, స్పష్టమైన నిబంధన ఉంది. అట్టడుగున ఉన్న జట్లకు అది వరమైంది, ఆ అట్టడుగు స్థానాల నుంచి తప్పించుకోవడానికి అప్పటిదాకా చెమటోడ్చిన జట్ల శ్రమకు విలువ లేకుండా పోయింది.

మీ విషయానికి వస్తే, తప్పుకున్న జట్టు మ్యాచ్‌లన్నిటినీ పట్టిక నుంచి తొలగించడమే మేలని నా సలహా. ఆడని మూడు జట్లకు ఉచితంగా మూడేసి పాయింట్లు ఇస్తే పాయింట్లు సమమైనట్టు కనిపించినా గోల్ తేడా సమం కాదు. తొలగిస్తే, మిగిలిన ఏడు జట్లూ ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్‌లతోనే పోల్చబడతాయి. పాయింట్లు కోల్పోయే నాలుగు జట్లు నొచ్చుకుంటాయి. అందుచేత నిర్ణయాన్ని మెజారిటీ ఓటుకు పెట్టకండి, ఎందుకంటే ఓటు వేసే ప్రతి జట్టూ తన లాభనష్టాలను లెక్కవేసుకునే వేస్తుంది. మీ లీగ్‌లో ఏ జట్టుతోనూ సంబంధం లేని వ్యక్తికి, జట్ల పేర్లు లేకుండా సమస్యను మాత్రమే వివరించి తీర్పు కోరండి. తీర్పు ఏదైనా కట్టుబడి ఉంటామని ముందుగా అందరి చేతా సంతకాలు చేయించండి. తొలగించిన మ్యాచ్‌లలో పడిన కార్డులను మాత్రం రద్దు చేయవద్దు. వాటి వల్ల కొందరు ఆటగాళ్లు ఇప్పటికే తర్వాతి మ్యాచ్‌కు దూరంగా ఉండి శిక్ష అనుభవించి ఉంటారు, ఆ మ్యాచ్‌ను వారికి తిరిగి ఇవ్వడం మీ వల్ల కాదు.