కాగితం ఎక్కడ ఆగిందో చూశాకే లాగండి

ప్రశ్న: కాకినాడలో చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. అడంగల్ కాపీలు, హాల్ టికెట్లు, ఆధార్ ప్రింట్లు రోజంతా తీస్తూనే ఉంటాను. వానలు మొదలైనప్పటి నుంచి నా లేజర్ ప్రింటర్‌లో రోజుకు ఐదారుసార్లు పేపర్ జామ్ అవుతోంది. ఒక్కోసారి రెండు మూడు కాగితాలు కలిసి వెళ్లిపోతున్నాయి. ఒక్కోసారి లోపల విసనకర్రలా మడతలు పడి ఇరుక్కుంటున్నాయి. ప్రింటర్ పాతదైపోయింది, మార్చేయమని మెకానిక్ అంటున్నాడు. నిజంగా మార్చాల్సిందేనా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. ముందుగా ఒక చిన్న అలవాటు చేసుకోండి. జామ్ అయిన ప్రతిసారీ కాగితాన్ని చటుక్కున లాగేయకుండా, మూత తెరిచి, దాని ముందంచు ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో చూసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ట్రే దగ్గరా, సిరా పొడి ఉండే కాట్రిడ్జ్ కిందా, ఆ పొడిని వేడితో అతికించే ఫ్యూజర్‌లోనా అన్న ఒక్క ముక్క చాలు. నాలుగు రోజులు రాస్తే తప్పు ఏ భాగానిదో చాలావరకు అదే చెబుతుంది. లాగేసిన తర్వాత ఆ ఆధారం మళ్లీ దొరకదు.

ట్రేలోని కట్ట నుంచి పై కాగితాన్ని పికప్ రోలర్ అనే రబ్బరు చక్రం లోపలికి తీసుకుంటుంది. దానికి ఎదురుగా ఉండే సెపరేషన్ ప్యాడ్ రెండో కాగితం వెంట రాకుండా పట్టి ఆపుతుంది. ఆ తర్వాత కాగితం కాట్రిడ్జ్ కిందుగా వెళ్లి, అందులోని డ్రమ్ అనే గుండ్రటి గొట్టం మీదున్న టోనర్ అనే సిరా పొడిని అందుకుని, ఫ్యూజర్‌లోకి చేరుతుంది. అక్కడ 200 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా ఉండే వేడి, ఒత్తిడి కలిసి పొడిని కరిగించి కాగితానికి అతికిస్తాయి. దారి పొడవునా ఉన్న సెన్సర్లు కాగితం వచ్చిందా, వెళ్లిందా అని కనిపెడుతుంటాయి. నిమిషానికి 14 పేజీలు తీసే ప్రింటర్‌లో ఒక్కో కాగితానికి దక్కేది నాలుగు సెకన్ల పైచిలుకు మాత్రమే. ఆ లోపల రావలసిన చోటికి కాగితం రాకపోయినా, వెళ్లవలసిన చోటి నుంచి వెళ్లకపోయినా యంత్రం జామ్ అని ప్రకటించి ఆగిపోతుంది.

మీరు చెప్పినవి రెండు వేర్వేరు చోట్ల కనిపించే లక్షణాలు. కాగితాలు కలిసి వెళ్లడం ట్రే దగ్గర జరిగేది, విసనకర్ర మడతలు ఎక్కువగా ఫ్యూజర్ ముంగిట పడేవి. అయినా ఇవి వానలతోనే మొదలయ్యాయంటున్నారు కాబట్టి నా తొలి అనుమానం ప్రింటర్ మీద కాదు, కాగితం మీద. సముద్రపు గాలి తగిలే ఊళ్లో, వానాకాలంలో, విప్పిన కట్ట నాలుగు రోజులు బల్ల మీద ఉంటే చాలు, చెమ్మ పీల్చుకుంటుంది. చెమ్మ పట్టిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి కాబట్టి ప్యాడ్ వాటిని విడదీయలేదు. వాటిలో బిగువు కూడా తగ్గిపోతుంది కాబట్టి రోలర్లు వెనుక నుంచి నెడుతుంటే ముందంచు వంగి మడత పడుతుంది. ఫ్యూజర్ వేడికి ఆ చెమ్మ ఒక్కసారిగా ఆవిరైనప్పుడు కాగితం చుట్టుకుపోతుంది. వానాకాలంలో ప్రింటర్ నుంచి సన్నగా పొగలాంటిది లేవడం మీరు చూసే ఉంటారు. అది పొగ కాదు, కాగితంలోని నీరు ఆవిరిగా బయటికి రావడం.

మనం రోజూ అనే జిరాక్స్ అన్న మాటకు మూలం గ్రీకు భాషలో తడి లేనిది అనే అర్థమున్న పదం. 1938లో చెస్టర్ కార్ల్‌సన్ తడి రసాయనాలేవీ లేకుండా స్థిర విద్యుత్తుతో పొడిని కాగితం మీదికి చేర్చి చూపించిన పద్ధతే ఈనాటి లేజర్ ప్రింటర్‌కూ ఆధారం. ఇది తడిని సహించే యంత్రం కాదని ఆ పేరులోనే ఉంది.

అందుకని ఈ పరీక్ష చేయండి. ట్రేలో ఉన్న కాగితాలన్నీ తీసేసి, అప్పుడే విప్పిన కొత్త రీమ్‌లోంచి 50 కాగితాలు పెట్టి వరసగా ప్రింట్ తీయండి. సాఫీగా వెళ్లిపోతే మీ ప్రింటర్‌కు ఏమీ కాలేదు, తప్పు కాగితాన్ని ఉంచిన పద్ధతిలో ఉంది. అప్పుడు చేయవలసింది తేలిక. రీమ్ పైకవరు చెమ్మను ఆపడానికే ఉంటుంది కాబట్టి దాన్ని చింపి పారేయకుండా, మిగిలిన కాగితాలను అందులోనే చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. నేల మీద, గోడకు ఆనించి ఉంచకండి. రాత్రి సెంటర్ మూసేటప్పుడు ట్రేలో మిగిలినవి కూడా తీసి అందులోనే పెట్టండి. ట్రేలో సగం అయిపోయాక పైన కొత్తవి పేర్చడం చాలామందికి అలవాటు. అలా కాకుండా పాతవి కూడా బయటికి తీసి, అన్నిటినీ కలిపి అంచులు సమంగా తట్టి పెట్టండి. పక్కనుండే గైడ్లు కాగితాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. వదులుగా ఉంటే కాగితం వంకరగా వెళ్తుంది, బిగిస్తే కదలదు. 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) కాగితం చవకే కానీ వానాకాలం నాలుగు నెలలూ 75 లేదా 80 జీఎస్ఎమ్ వాడటం మంచిదని నా అభిప్రాయం.

కొత్త కాగితాలు కూడా కలిసే వెళ్తుంటే, లేదా రోలర్ తిరుగుతున్నా కాగితం కదలకపోతే, అప్పుడు పికప్ రోలర్‌ను చూడండి. కొత్త రోలర్ వేలికి గరుకుగా తగులుతుంది, అరిగినది గాజులా నున్నగా మెరుస్తుంది. పోగులు రాలని గుడ్డను నీళ్లలో తడిపి గట్టిగా పిండి, రోలర్‌నూ ప్యాడ్‌నూ తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి చూడండి. కాగితపు నూగు వదిలి చాలాసార్లు పట్టు తిరిగి వస్తుంది. రాకపోతే రెండూ కలిపి మార్పించండి. ప్యాడ్ ఉంచి రోలర్ ఒక్కటే మారిస్తే సమస్య మళ్లీ వస్తుంది. గరుకు కాగితంతో రోలర్‌ను రుద్దితే కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది కానీ రబ్బరు త్వరగా అరిగిపోతుంది.

మడతలు మాత్రం ఆగకుండా ఫ్యూజర్ దగ్గరే పడుతుంటే, మెకానిక్‌లు టెఫ్లాన్ అని పిలిచే ఫ్యూజర్ ఫిల్మ్ చిరిగిందేమో, దాని కింది ప్రెషర్ రోలర్ అరిగిందేమో చూడమని అడగండి. చాలా చిన్న ప్రింటర్లలో ఇవి విడిగా మార్చగల భాగాలే. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు.

ఇక ఇరుక్కున్న కాగితాన్ని తీసే పద్ధతి. ముందు స్విచ్ ఆపి ప్లగ్ తీయండి. ఫ్యూజర్ దాకా చేయి పెట్టవలసి వస్తే అరగంట చల్లారనివ్వండి. కాట్రిడ్జ్ తీసి, డ్రమ్‌కు వెలుతురు తగిలితే పాడవుతుంది కాబట్టి, దాని మీద మందపాటి గుడ్డ కప్పండి. కాగితాన్ని రెండు చేతులతో, రెండు అంచులూ సమానంగా పట్టుకుని, అది వెళ్లే దిశలోనే మెల్లగా లాగండి. ఇంకా ట్రే దాటని కాగితాన్ని వెనక్కి తీసినా ఫరవాలేదు. ఫ్యూజర్‌లోకి తల దూర్చిన కాగితాన్ని మాత్రం ఎదురు లాగకండి. అతుక్కోని టోనర్ రాలి లోపలంతా నలుపవుతుంది, ఫిల్మ్ చిరిగే ప్రమాదమూ ఉంది. వెనుక తలుపు ఉంటే అటు నుంచి తీయండి. కాట్రిడ్జ్ కింద స్పాంజిలా ఉండే నల్లటి రోలర్‌ను వేళ్లతో ముట్టుకోకండి. చేతికి, బట్టలకు టోనర్ అంటితే చన్నీళ్లతో కడగండి. వేడినీళ్లు పోస్తే మరక ఉండిపోతుంది.

ప్రశ్న: మా ప్రింటర్ లోపల కాగితమే లేదు. అయినా పేపర్ జామ్ అని చూపిస్తూనే ఉంది. ఆపి మళ్లీ ఆన్ చేసినా అదే వరస. (ఖమ్మం నుంచి)

జవాబు: ఇంతకుముందు తీసిన కాగితం చిరిగి, చిన్న ముక్క లోపల మిగిలి ఉండవచ్చు. ఒక బడి ఆఫీసులో ఇలాంటి ప్రింటర్‌నే నేను తెరిచి చూశాను. కాట్రిడ్జ్ తీసి ఫోన్ టార్చ్ వేస్తే, కాగితం వెళ్లే దారికి అడ్డంగా నిలబడి ఉండవలసిన నల్లటి చిన్న ప్లాస్టిక్ మీట ఒకటి పక్కకు వాలి ఉంది. దాని మొదట్లో వేలిగోరంత తెల్లటి ముక్క దూరి ఉంది. పట్టకారుతో ముక్కను తీయగానే మీట టిక్కుమని లేచి నిలబడింది, ప్రింటర్ పనిచేసింది. ఆ మీటే సెన్సర్‌కు కాగితం ఉందో లేదో చెప్పేది. అది వాలి ఉన్నంతసేపు, లోపల కాగితం ఉందనే యంత్రం నమ్ముతుంది. మీరు కూడా ట్రే దగ్గర, కాట్రిడ్జ్ కింద, వెనుక తలుపు లోపల ఉన్న మీటలను వేలితో సున్నితంగా కదిపి, స్ప్రింగుతో తిరిగి లేస్తున్నాయో లేదో చూడండి. లేవనిది విరిగి ఉంటే మార్పించాలి. ఇకమీదట కాగితం చిరిగితే ముక్కలన్నీ బల్ల మీద పేర్చి చూడండి. పూర్తి ఏ4 కాగితం తయారైతేనే మూత వేయండి. ఏ మూల తగ్గిందో, ఆ మూల లోపలే ఉందన్నమాట.

ప్రశ్న: ఒకవైపు వాడేసిన కాగితాలు, స్టిక్కర్ షీట్లు లేజర్ ప్రింటర్‌లో పెట్టవచ్చా? (నిజామాబాద్ నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: కాగితం పొదుపు చేయాలన్న మీ ఆలోచన మంచిదే. ఒకవైపు వాడినవి పెట్టవచ్చు కానీ స్టేపుల్ పిన్ ఒక్కటి మిగిలినా డ్రమ్ మీదో ఫ్యూజర్ ఫిల్మ్ మీదో గీత పడుతుంది, ఆ గీత ఆ తర్వాత ప్రతి పేజీ మీదా కనిపిస్తుంది. చెవులు మడిచినవి, ముడతలు పడ్డవి తీసేయండి. ప్రింటర్ నుంచి అప్పుడే వచ్చినవి వెంటనే తిప్పి పెట్టకండి. కాసేపు బరువు కింద ఉంచి, చల్లారి చదునయ్యాక పెట్టండి. స్టిక్కర్ షీట్లు లేజర్ కోసమని ప్యాకెట్ మీద రాసి ఉన్నవే కొనండి. ఇంక్‌జెట్ కోసం చేసిన వాటి జిగురు ఫ్యూజర్ వేడికి కరిగి రోలర్‌కు అంటుకోవచ్చు. రెండు స్టిక్కర్లు ఊడదీసి వాడుకున్న షీట్‌ను మళ్లీ ప్రింటర్‌లో పెట్టకండి. మిగిలిన స్టిక్కర్ల మీద పెన్నుతో రాసుకోండి.