డాక్యుమెంటేషన్ పని ఇచ్చారని ఇంటర్న్‌షిప్ వదులుకోవాలా?

ప్రశ్న: కాకినాడలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది చదువుతున్నాను. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఏఐ ఏజెంట్లు (చెప్పిన పనిని సొంతంగా చేసుకుపోయే ఏఐ ప్రోగ్రామ్‌లు) తమ పనుల జాబితాలో ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస మార్చుకోవడానికి ఆ టీమ్ ఒక టూల్ తయారుచేసింది. నాకు మాత్రం దాని డాక్యుమెంటేషన్ రాసే పని అప్పజెప్పారు. స్నేహితులంతా కోడింగ్ చేస్తున్నారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం కావడంతో ఇంగ్లిష్‌లో రాయాలంటే టెన్షన్‌గా ఉంది. ప్లేస్‌మెంట్లలో వెనకబడతానేమో, మానేసి వేరేది చూసుకోమని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మానేయకండి. మామూలు సాఫ్ట్‌వేర్‌కు డాక్యుమెంటేషన్ ఎవరూ చదవకపోయినా ప్రోగ్రామ్ నడుస్తుంది. మీ చేతికిచ్చిన టూల్ సంగతి వేరు. దాని లోపలి కోడ్ ఏజెంట్‌కు సాధారణంగా కనిపించదు. టూల్ పేరు, దాని వివరణ, ఏమేం పంపాలో చెప్పే స్కీమా మాత్రమే కనిపిస్తాయి. ఏఐని టూల్స్‌తో కలపడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ)లోనూ టూల్‌ను ప్రధానంగా ఈ మూడింటితోనే పరిచయం చేస్తారు. వాటిని చదువుకునే మోడల్ (ఏజెంట్‌ను నడిపే ఏఐ) ఆ టూల్‌ను ఎప్పుడు పిలవాలో, ఏం పంపాలో తేల్చుకుంటుంది. అంటే మీరు రాసే వాక్యం తేడాగా ఉంటే, కోడ్ ఎంత బాగున్నా పని చెడుతుంది.

ఒక జాబితా తీసుకుందాం. అందులో ఐదు పనులు: డేటాబేస్ మార్పు, కోడ్ మార్పు, టెస్టులు, రివ్యూ, డిప్లాయ్ (తయారైనదాన్ని వాడుకలోకి తేవడం). వివరణలో ‘పనుల క్రమాన్ని మారుస్తుంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారనుకోండి. రివ్యూను ముందుకు తేవాలని ఏజెంట్ మూడు పనుల ఐడీలే పంపింది. మిగిలిన రెండు పనులు చివరికి పోతాయా, ఉన్నచోటే ఉంటాయా, జాబితాలోంచే ఎగిరిపోతాయా? స్థానం 1 అంటే మొదటిదా, సున్నా నుంచి లెక్కపెట్టి రెండోదా? టెస్టుల కన్నా ముందు డిప్లాయ్ పెట్టమంటే టూల్ అడ్డుకుంటుందా, సరేనని ఊరుకుంటుందా? ఏజెంట్ జాబితా చదివాక, కొత్త వరుస పంపేలోపు ఇంకొకరు మరో పని చేరిస్తే ఏమవుతుంది?

వీటికి జవాబులు డెవలపర్‌ను అడిగి రాసుకోవడంతో సరిపెట్టుకోవద్దు. టూల్‌ను మీరే నడిపి, కావాలని తప్పుడు ఇన్‌పుట్ ఇచ్చి చూడండి. డెవలపర్ చెప్పినదానికీ, టూల్ చేసినదానికీ పొంతన లేదంటే మీకు బగ్ దొరికినట్టే. టీమ్‌లో మీ మాటకు విలువ వచ్చేది అక్కడే.

ఇంకో సూక్ష్మం ఉంది. ‘మొత్తం వరుస ఇది’ అని పంపే పద్ధతిలో, మధ్యలో ఎవరూ జాబితా మార్చనంత వరకు అదే పిలుపు రెండుసార్లు వెళ్లినా ఫలితం మారదు. ‘ఈ పనిని ఒక మెట్టు పైకి జరుపు’ అనే పద్ధతిలో రెండోసారి వెళ్తే రెండు మెట్లు జరుగుతుంది. నెట్‌వర్క్ ఆగి జవాబు రాకపోతే ఏజెంట్ మళ్లీ ప్రయత్నించడం మామూలే. అందుకే మీ టూల్ ఏ పద్ధతిలో నడుస్తుందో వివరణలో కచ్చితంగా ఉండాలి.

ఎర్రర్ మెసేజ్‌లు కూడా మీ పనిలో భాగమేనని ముందే అడిగి తీసుకోండి. ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అని వస్తే ఏజెంట్ ఊహించుకుంటూ పోతుంది. ‘డిప్లాయ్ పని టెస్టుల మీద ఆధారపడి ఉంది, దాన్ని టెస్టుల తర్వాత పెట్టండి’ అని వస్తే తర్వాతి ప్రయత్నంలో సరిచేసుకునే వీలుంటుంది.

ఇక ఇంగ్లిష్ గురించి. మీకు కావలసింది ఇలాంటి వాక్యాలు: ‘పెండింగ్‌లో ఉన్న అన్ని పనుల ఐడీలనూ కావలసిన వరుసలో పంపాలి. ఒక్క ఐడీ తగ్గినా మార్పు జరగదు. పని చేర్చడానికి, తొలగించడానికి ఈ టూల్ వాడకూడదు.’ ఇందులో పెద్ద పదాలేమీ లేవు. ఒక వాక్యంలో ఒకే విషయం చెప్పడం అలవాటైతే తెలుగు మీడియం అడ్డేమీ కాదు. గూగుల్ టెక్నికల్ రైటింగ్ కోర్సులు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, మొదటిది ఈ వారమే మొదలుపెట్టండి. తెలిసినదంతా వివరణలోనే కుక్కకండి, అది మోడల్ కాంటెక్స్ట్‌లో (ఒకేసారి చదివి గుర్తుంచుకోగల పరిధిలో) చోటు తింటుంది. ఇలా ఎందుకు కట్టారన్న కారణాలు మనుషుల కోసం రాసే పేజీలో పెట్టండి.

మీరు రాసింది పనికొస్తోందో లేదో కొలవొచ్చు కూడా. పాత వివరణతో కొన్ని ప్రశ్నలు ఏజెంట్‌కు ఇచ్చి, ఎన్నిసార్లు తప్పుగా పిలిచిందో రాసుకోండి. కొత్త వివరణతో అవే ప్రశ్నలు మళ్లీ ఇవ్వండి. ఒక్కోసారి ఒక్కోలా జవాబిస్తుంది కాబట్టి ప్రతి ప్రశ్నను కొన్నిసార్లు నడపాలి. ఆ తేడా రెజ్యుమెలో ఒక లైన్‌గా రాస్తే, ‘డాక్యుమెంటేషన్ రాశాను’ అన్నదానికన్నా ఎంతో బలంగా ఉంటుంది. ఇంటర్వ్యూలో దాని మీద అరగంట మాట్లాడగలరు.

మీ నాన్నగారి భయాన్ని నేను కొట్టిపారేయను. కేవలం టెక్నికల్ రైటర్‌గా ఫ్రెషర్లను తీసుకునే పోస్టులు డెవలపర్ పోస్టుల కన్నా బాగా తక్కువ. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు కోడింగ్ టెస్ట్ పెడతాయి. కాబట్టి రోజూ కొంతసేపు డేటా స్ట్రక్చర్స్ సాధన ఆపొద్దు. ఆధారపడే పనులను వరుసలో పెట్టడానికి వాడే టోపోలాజికల్ సార్ట్ మీ సిలబస్‌లోదే. దాన్ని సొంతంగా రాసి, మీ టూల్ ప్రవర్తనతో పోల్చి చూడండి. ఆఫీసు పనీ చదువూ అక్కడ కలుస్తాయి.

కంపెనీ కోసం రాసింది అనుమతి లేకుండా బయట చూపించకూడదు. పోర్ట్‌ఫోలియో కోసం గిట్‌హబ్‌లో ఏదైనా ఓపెన్ సోర్స్ ఎంసీపీ సర్వర్ తీసుకుని, అస్పష్టంగా ఉన్న ఒక టూల్ వివరణను సరిదిద్ది, ఆ మార్పును కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పంపండి.

సోమవారం మీ మెంటర్‌ను రెండు విషయాలు అడగండి: కోడ్ రిపాజిటరీకి నాకు యాక్సెస్ ఇస్తారా, నేను కనిపెట్టిన చిన్న బగ్‌లను నేనే సరిచేయొచ్చా? రెండింటికీ ఒప్పుకుంటే నిశ్చింతగా కొనసాగండి. కోడ్ ముట్టుకోనివ్వం, వర్డ్ ఫైల్‌లో రాసిచ్చేస్తే చాలంటే మాత్రం, చేతిలో ఉన్నది పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకుని, తర్వాతి ఇంటర్న్‌షిప్ కోసం ఇప్పటినుంచే అప్లై చేస్తూ ఉండండి.