హాసెల్‌బ్లాడ్‌కి షార్ప్ లెన్స్: కొనేముందు ఇవి చూడండి

హాసెల్‌బ్లాడ్ 500 సీ/ఎం ఫిల్మ్ కెమెరాలో 80 ఎంఎం ప్లానర్ లెన్స్‌తో పోర్ట్రెయిట్లు మెత్తగా వస్తున్నాయి, ఏ లెన్స్‌కి మారాలి అన్నారు కదండీ. తొందరపడి డబ్బు పెట్టకండి, ఆ 80 చాలా మంచి లెన్స్.

ముందు స్కాన్ పక్కనపెట్టి నెగటివ్‌ని లూప్‌తో (చిన్న భూతద్దం) చూడండి. వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే తప్పు స్కానర్‌దే. ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో 120 ఫిల్మ్ (ఈ కెమెరా వాడే వెడల్పు ఫిల్మ్) వంగితే ఫోకస్ పోతుంది. నెగటివే మెత్తగా ఉంటే అపర్చర్ ఎఫ్/2.8 వదిలి, రంధ్రం చిన్నదయ్యే ఎఫ్/8కి రండి. మీటరున్నర దూరంలో 2.8 దగ్గర ఫోకస్‌లో ఉండేది సుమారు 10 సెంటీమీటర్లే, మనిషి కాస్త ఊగినా కన్ను జారిపోతుంది. ట్రైపాడ్ మీద కేబుల్ రిలీజ్ (కెమెరాని తాకకుండా ఫోటో తీసే తీగ) వాడండి. వైండింగ్ క్రాంక్ దగ్గరున్న చిన్న లివర్‌తో ముందే కెమెరా లోపలి అద్దం లేపేస్తే ఆ 'దబ్' అదురు ఫిల్మ్‌కి చేరదు.

అయినా కొనాలనుంటే ముఖాలకు 150 ఎంఎం ఎఫ్/4 సోనార్ తీసుకోండి, నా ఓటు దానికే. భవనాలు, మూలల దాకా పదును కావాలంటే 100 ఎంఎం ఎఫ్/3.5 ప్లానర్. ఈ లెన్స్‌లలో పాత సీ రకం కన్నా తర్వాతి సీఎఫ్ రకం మేలు, సీ లెన్స్ లోపలి షట్టర్ విడిభాగాలు దొరకడం కష్టం. ఏది కొన్నా టార్చ్ వేసి లోపల ఫంగస్, మసక ఉన్నాయేమో చూడండి. ఒక సెకను స్పీడు దగ్గర షట్టర్ ఈడుస్తుంటే సర్వీసు ఖర్చు ధరలో తగ్గించమనండి.