ముఖచిత్రం గురించి నాలుగు మాటలు రాసేముందు

తమ్ముడూ,

కామిక్స్ దుకాణం కోసం నువ్వు రాసి పంపిన రాతప్రతి చదివాను. ఐదు కామిక్స్ కవర్ల (ముఖచిత్రాల) మీద పేరాలు, నాలుగు పుస్తకాల సిఫార్సులు. వాటిల్లో 'అద్భుతం' ఏడుసార్లు, 'కళ్ళు తిప్పుకోలేం' మూడుసార్లు వచ్చాయి. ఆ పదింటినీ కొట్టేసి మళ్ళీ చదువు. ఏ పేరా ఏ కవర్ గురించి రాశావో నీకే పోల్చుకోవడం కష్టమవుతుంది. కామిక్స్ దుకాణం తరఫున రాసేటప్పుడు నీకెంత నచ్చిందన్నది పాఠకుడికి అంతగా పట్టదు. ఆ బొమ్మ ఏం చేస్తోంది, లోపలి కథ దానికి తగ్గట్టు ఉందా, కౌంటర్ దగ్గరికెళ్ళి ఏమని అడగాలి? అతనికి కావలసింది ఇది.

ముందు చూడటం నేర్చుకో. కవర్‌ని చేతిలో పట్టుకుని చూస్తే అది ఒక బొమ్మ. అర మీద, ఆరేడు అడుగుల దూరంలో, పక్కన ఇంకో యాభై పుస్తకాలు ఉన్నప్పుడు చూస్తేనే అది కవర్. అందుకని పుస్తకాన్ని ఎదురుగా నిలబెట్టి, దూరం జరిగి, కళ్ళు సగం మూసి చూడు. వివరాలన్నీ మసకబారి రెండు మూడు రంగుల ముద్దలు మిగులుతాయి. బొమ్మకు ఎముకల గూడు అదే. తర్వాత దాన్నే ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి చూడు. ఈ రెండు పరీక్షల్లో నిలిచిందంటే గీసినవాళ్ళకు పని తెలుసన్నమాట. ఆ తర్వాత ముప్పై సెకన్లు దగ్గరగా చూసి, పుస్తకం బోర్లా పెట్టేసి, గుర్తున్నది గుర్తున్న వరసలోనే రాసుకో. నీ పేరాకు వరస అక్కడే దొరుకుతుంది. పుస్తకం తిప్పి చూస్తూ రాస్తే పైనుంచి కిందికి సామాన్ల జాబితా తయారవుతుంది. నీ మూడో పేరాలో జరిగింది అదే.

ఒకటి చేసి చూపిస్తాను. యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, 1938, జో షుస్టర్ గీసింది. నువ్వు 'సూపర్‌మన్ కారును ఎత్తే చారిత్రక ముఖచిత్రం' అని సరిపెట్టావు. అది పుస్తకం చూడకుండా కూడా రాయొచ్చు. చూసి రాస్తే ఇలా ఉంటుంది: పసుపు వెలుగు ముందు ముదురాకుపచ్చ కారు, గాలిలో. దాని కింద ఎర్రటి దుప్పటి ఎగరేసుకుంటూ ఒక మనిషి. కారు ముందుభాగం బండకేసి కొట్టుకుని ముక్కలవుతోంది. ఆఖరున కన్ను ఎడమచేతి కింది మూలకు జారుతుంది. అక్కడొకడు తల రెండు చేతులా పట్టుకుని, నోరు తెరిచి, బొమ్మలోంచి బయటికి మనవైపే పరిగెత్తుకొస్తున్నాడు. ఇంతా చూశాక ఆ కారెత్తినవాడు మంచివాడో చెడ్డవాడో చెప్పగలవా? చెప్పలేం. ఆ కారు విలేకరి లోయిస్‌ను ఎత్తుకుపోయిన దుండగులదని లోపల చదివితేగానీ తెలియదు. పది సెంట్లు పెట్టి కొనిపించింది ఆ సందేహమే. పేరాలో నీ అభిప్రాయం ఇక్కడ రావాలి, చూపించాల్సిందంతా చూపించేశాక. దానికి ఒక్క వాక్యం చాలు.

బొమ్మతో పాటు అచ్చు సామగ్రి కూడా చూడు. లోగో, సంచిక నంబర్, ధర, బార్‌కోడ్, పేర్లు ఇవన్నీ స్థలం తినేవే. ఇప్పటి అమెరికన్ సంచిక సుమారు ఆరూ ముప్పావు అంగుళాల వెడల్పు, పదింపావు అంగుళాల ఎత్తు ఉంటుంది. బొమ్మను మాత్రం మామూలుగా 11 బై 17 అంగుళాల బోర్డు మీద గీస్తారు. అక్కడ సన్నగా, అందంగా ఉన్న గీత అచ్చులో కుంచించుకుపోయి మాయమవుతుంది. కొన్ని కవర్లు తెర మీద బాగుండి చేతిలోకొచ్చేసరికి బురదలా ఉండటానికి ఇదొక కారణం. పై భాగాన్ని లోగోకి వదిలిపెట్టి గీశారా, గీసిన బొమ్మ నెత్తిన లోగో తెచ్చి రుద్దారా అన్నది చూడగానే తెలుస్తుంది. వాచ్‌మెన్ (1986) సంచికల్లో పేరు పైన ఉండదు, ఎడమ అంచున నిలువుగా ఉంటుంది. పైభాగం ఖాళీ అయింది కాబట్టే డేవ్ గిబ్బన్స్ బొమ్మను అంత దగ్గరికి లాగగలిగాడు. మొదటి సంచిక మీద పసుపు బ్యాడ్జి, దానిమీద రక్తపు చార, అంతే. లోపలి మొదటి గడి అదే బ్యాడ్జిని కాస్త దూరం నుంచి చూపిస్తుంది. అంటే కథ కవర్ మీదే మొదలైపోయింది. ఇలాంటిది కనపడితే పాఠకుడికి తప్పకుండా చెప్పు. చాలామంది కవర్ తిప్పేసి నేరుగా లోపలికి వెళ్ళిపోతారు.

పాత మార్వెల్ పుస్తకాల ఎడమ పై మూలలో పాత్ర తలకాయతో చిన్న పెట్టె ఉంటుంది చూశావా, అది 1963లో చిత్రకారుడు స్టీవ్ డిట్కో ఆలోచన. స్టాండులో పుస్తకాలు ఒకదాని మీదొకటి కప్పుకుని ఉంటే కనపడేది ఆ మూలే. 1954లో పుట్టి దశాబ్దాల పాటు కవర్ల మీద కనిపించిన కామిక్స్ కోడ్ ముద్రకు (ప్రచురణకర్తలు తామే పెట్టుకున్న నియమాలకు పుస్తకం లోబడిందన్న గుర్తు అది) కూడా ఇలాగే తన కథ ఉంది. డీసీ, ఆర్చీ సంస్థలు దాన్ని 2011లో వదిలేశాయి. పాత కవర్ గురించి రాసేటప్పుడు ఇలాంటి ఒక్క వివరం చాలు, రెండు పెడితే పాఠమైపోతుంది.

తేదీల దగ్గర నువ్వు రెండుచోట్ల జారావు. కవర్ మీది నెల, పుస్తకం దుకాణానికొచ్చిన నెల ఒకటి కాదు. పాత సంచిక ఎప్పుడు తీసేయాలో అమ్మేవాళ్ళు ఆ నెలను బట్టే చూసుకునేవారు. అందుకని ఎక్కువ రోజులు అర మీద ఉండాలని ప్రచురణకర్తలు రెండు మూడు నెలలు ముందుకు వేసేవారు. కెప్టెన్ అమెరికా కామిక్స్ మొదటి సంచిక మీద మార్చి 1941 అని ఉంటుంది. అది అమ్మకానికి వచ్చింది 1940 డిసెంబర్‌లో. జో సైమన్, జాక్ కర్బీల ఆ కవర్ మీద హీరో హిట్లర్ దవడ పగలగొడుతున్నాడు. అమెరికా యుద్ధంలోకి దిగడానికి అప్పటికి ఇంకా ఏడాది ఉంది. కవర్ నెలనే పట్టుకుంటే ఆ తెగువలో మూడు నెలలు తగ్గిపోతుంది. అందుకే 'మార్చి 1941 సంచిక' అని రాయి, 'మార్చి 1941లో వచ్చింది' అని రాయకు.

ఇప్పుడు పేర్లు. కవర్ గీసినవాళ్ళే లోపల కూడా గీశారనుకోవడం కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు. దానివల్ల దుకాణానికి చెడ్డపేరొస్తుంది. అమేజింగ్ ఫాంటసీ 15 (1962), స్పైడర్‌మన్ మొదటిసారి కనిపించిన సంచికే తీసుకో. డిట్కో గీసిన కవర్‌ను పక్కనపెట్టి కర్బీ చేత మళ్ళీ గీయించారు, కర్బీ పెన్సిల్ గీతల మీద సిరా దిద్దింది మాత్రం డిట్కోనే. లోపలి స్పైడర్‌మన్ కథ పూర్తిగా డిట్కో గీతే. కర్బీ కండలు చూసి కొన్నవాడికి లోపల బక్కపలచని కుర్రాడు ఎదురవుతాడు. శాండ్‌మన్ 75 సంచికలకూ కవర్లు డేవ్ మెక్‌కీన్‌వే. ఫొటోలు, రంగులు, వస్తువులు కలిపి అతికించిన పనితనం అది. లోపల మాత్రం చిత్రకారులు మారుతూనే ఉంటారు. అందుకని ప్రతి సిఫార్సులోనూ 'కవర్ ఫలానావారిది, లోపలి బొమ్మలు ఫలానావారివి' అని ఒక ముక్క ఉండాలి. పెన్సిల్, సిరా, రంగులు వేరువేరు మనుషులవైతే ముగ్గురి పేర్లూ రాయి. సంతకం ఒక్కటే చూసి నిర్ణయించకు. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో అచ్చయిన వివరాలు చూడు. రంగులు వేసినవారి పేరు నువ్వు ఒక్కచోట కూడా రాయలేదు. పైగా నువ్వు మెచ్చుకున్న ఐదింట్లో మూడు కవర్లు రంగుల వల్లే నిలబడ్డాయి.

అబద్ధమాడే కవర్లను చూసి కోపం తెచ్చుకోనక్కర్లేదు. 1950, 60లలో డీసీ సంపాదకుల్లో కొందరు ముందు కవర్ ఆలోచన తేల్చుకుని, దానికి తగ్గ కథ తర్వాత రాయించేవారు. గొరిల్లా ఉన్న సంచిక బాగా అమ్ముడైందని గమనించాక, ఆ సంపాదకుల్లో ఒకడైన జూలియస్ ష్వార్ట్జ్ కాలంలో గొరిల్లాలు వరసకట్టాయి. ఆ తమాషా తెలిస్తే పాఠకుడికీ సరదానే. కానీ ఇవాళ అర మీదున్న పుస్తకం విషయంలో, కవర్ మీది పోరాటం లోపల లేకపోతే లేదని చెప్పెయ్యి.

పాత కవర్‌ను అనుకరించిన కవర్లు ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి. నీ జాబితాలోనే రెండున్నాయి. మూలం ఏ సంచికో, ఏ ఏడాదిదో, ఈసారి ఏం మార్చారో రాయి. ఆ తర్వాత మూలం తెలియనివాడికి చూపించి అడుగు. అతనికీ బొమ్మ నచ్చితే జాబితాలో ఉంచు. 'ఇందులో ఏముంది?' అంటే అది తెలిసినవాళ్ళకు కన్నుగీటడం వరకే, ఆ స్థలం ఇంకోదానికి ఇవ్వు.

వేరియంట్ కవర్ల దగ్గర, అంటే ఒకే సంచికకు వేరే బొమ్మతో వేసే కవర్ల దగ్గర, మొహమాటం వద్దు. లోపలి కథ ఒకటే అని మొదటి వాక్యంలోనే చెప్పు. లేకపోతే ఒకే కథను రెండుసార్లు కొని మళ్ళీ నీ మీదికే వస్తారు. బార్‌కోడ్ పక్కన ఉండే చిన్న ఐదంకెలు చదవడం నేర్చుకో. సాధారణంగా మొదటి మూడు సంచిక నంబర్, నాలుగోది కవర్, ఐదోది ఎన్నో ముద్రణ అన్నది. 00121 అంటే ఒకటో సంచిక, రెండో కవర్, మొదటి ముద్రణ. 00112 అయితే మొదటి కవరే గానీ రెండో ముద్రణ. '1:25' అని కనపడితే మామూలు కవర్ ప్రతులు ఇరవై ఐదు తెప్పించుకున్న దుకాణానికి అలాంటిది ఒకటి దొరుకుతుందని అర్థం. అది దుకాణం లెక్క, బొమ్మ గొప్పతనం కాదు. ధర పెరుగుతుందని మాత్రం ఎప్పుడూ రాయకు. 1991లో ఎక్స్‌మెన్ మొదటి సంచిక జిమ్ లీ గీసిన ఐదు రకాల కవర్లతో వచ్చి 80 లక్షల ప్రతులు దాటింది. అన్ని లక్షలమంది దాచుకున్న వస్తువు అరుదైనది ఎలా అవుతుంది? ఆ ఐదింట్లో నాలుగు కవర్లను పక్కపక్కన పెడితే ఒకే పెద్ద దృశ్యం అవుతుంది, ఐదోది అదే దృశ్యాన్ని మడతపెట్టి ఇచ్చింది. రాయదగ్గ సంగతి అది.

సిఫార్సుల దగ్గర నీకు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఎవరికి, ఎక్కడ మొదలుపెట్టాలి, మొత్తం ఎంతుంది, పూర్తయిందా నడుస్తోందా, ఏం నచ్చకపోవచ్చు, ఇవన్నీ డెబ్భై ఎనభై మాటల్లో ఇమడాలి. కథ ఎంతవరకు చెప్పాలంటే, మొదటి సంచిక సగం దాకా. ఏం నచ్చకపోవచ్చన్నది ఎవరూ రాయరు, నువ్వు రాయి. 'మొదటి రెండు అధ్యాయాలు నెమ్మదిగా నడుస్తాయి' అని చెప్పి ఇచ్చిన పుస్తకాన్ని జనం ఓపిగ్గా చదువుతారు. చెప్పకుండా ఇస్తే ఇరవయ్యో పేజీలో పెట్టేస్తారు. 'ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు' అన్న మాట వాడకు. సంపుటం నంబర్ చెప్పు. ఒక సంపుటంలో మామూలుగా ఐదారు సంచికలుంటాయి కాబట్టి విడి సంచిక అడగాలో సంపుటం అడగాలో కూడా చెప్పు.

ఉదాహరణకు జెఫ్ స్మిత్ బోన్. తెల్లటి గుండ్రటి బొమ్మల్ని చూసి పెద్దవాళ్ళు పక్కన పెట్టేస్తారు. ఆ కవర్ సగమే చెబుతుంది. నవ్వులాటగా మొదలై నెమ్మదిగా పెద్ద సాహసగాథగా మారే కథ అది. 1991 నుంచి 2004 దాకా 55 సంచికలు, అన్నీ కలిపి తొమ్మిది సంపుటాలు, కథ పూర్తయింది. మొదట నలుపు తెలుపుల్లో వచ్చింది, రంగుల ప్రతి తర్వాతది. ఏది కావాలో అడగాలి కాబట్టి రెండూ ఉన్నాయని చెప్పు.

మాంగా, అంటే జపాన్ కామిక్స్, సిఫార్సు చేస్తే కుడి నుంచి ఎడమకు చదవాలని ఒక మాట వెయ్యి. మనం వెనక అట్ట అనుకునేది దానికి ముఖం. నువ్వు పంపిన ఫొటోల్లో ఒకటి అలా వెనకవైపు తీసిందే.

ఫొటోల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలోంచి తీసి ఫొటో తీయి, లేకపోతే వెలుగు మరకలు పడతాయి. తీసేటప్పుడు మూత మీది టేపును పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టు. సగం ఊడదీసి పుస్తకం లాగితే ఆ టేపు కవర్‌కి అంటుకుని రంగుతో సహా లేచొస్తుంది. పాత సంచికలు ఇలా కూడా పాడవుతాయి. చేతులు పొడిగా ఉండాలి, పుస్తకం వెనక ఆసరాగా పెట్టిన అట్ట తీయకు. ఫ్లాష్ వద్దు, పక్కనుంచి వచ్చే పగటి వెలుగు చాలు. ఫోన్ పుస్తకానికి సమాంతరంగా ఉండాలి, కాస్త వంగినా పైభాగం సన్నబడుతుంది. పాత కాగితం పసుపుగా ఉంటే ఉండనీ, తెల్లగా దిద్దావంటే రంగులన్నీ మారిపోతాయి.

ఇంకో సంగతి. కామిక్స్ దుకాణాలు తెప్పించుకున్న సంచికల్ని సాధారణంగా వెనక్కి ఇచ్చే వీలుండదు. అందుకని తక్కువ తెప్పిస్తాయి. ఆర్డర్‌లో అంకె మార్చుకునే ఆఖరి గడువు విడుదలకు సుమారు మూడు వారాల ముందే ముగుస్తుంది. చిన్న ప్రచురణకర్త మొదటి సంచికను విడుదలయ్యాక పొగిడితే అప్పటికే ఆలస్యం, వచ్చినవాడికి ఖాళీ అర కనపడుతుంది. అలాంటివాటి గురించి గడువుకు ముందే రాయి. అయితే ముందస్తు ప్రకటనలో చూపించిన కవర్ ఒక్కోసారి మారుతుంది, ఆ సంగతీ చెప్పు. మిగతావాటికి రాతప్రతి పంపే రోజున అర దగ్గరికెళ్ళి ప్రతులు లెక్కపెట్టు.

ఐదు కవర్లలో రెండు తీసేసి మూడు ఉంచు, ఒక్కోదానికి నూటఇరవై మాటలు. అన్నింటికన్నా ముందు సాగా పేరా మార్చి ఇవాళే పంపు. 2012 నాటి మొదటి సంచిక కవర్ మీద తల్లి దగ్గర పాలు తాగుతున్న పసిబిడ్డను చూసి 'కుటుంబమంతా కలిసి చదవొచ్చు' అని రాశావు. కవరూ లోపలి బొమ్మలూ రెండూ ఫియోనా స్టేపుల్స్‌వే, అది సరిగ్గానే రాశావు. కానీ అది పూర్తిగా పెద్దల పుస్తకం. నీ మాట నమ్మి ఎవరైనా దాన్ని పిల్లల అరలో సర్దకముందే ఆ వాక్యం తీసెయ్యి.

ఆశీస్సులతో,
అన్నయ్య