కృష్ణబిలాలపై పరిశోధన చేస్తానంటోంది, చేర్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఈఏపీసెట్ రాయించి బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించాలని మా ఆలోచన. తనేమో కృష్ణబిలాలపై పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. అందులో భవిష్యత్తు ఉంటుందా? ఇప్పుడు ఏం చదివించాలి?
– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అమ్మాయి కోరుకుంటున్న రంగం ఇప్పుడు కాగితం మీది సమీకరణాలకే పరిమితం కాలేదు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరిశోధనశాల పరికరాలు, రెండు కృష్ణబిలాల (కాంతిని కూడా బయటికి పోనివ్వనంత గురుత్వం గల ఖగోళ వస్తువుల) విలీనం నుంచి వెలువడిన గురుత్వ తరంగాలను (స్థలకాలంలో పుట్టే అలలను) తొలిసారి నమోదు చేసిన నాటి నుంచి, ఈ పరిశోధనలో పరిశీలనలకు, డేటా విశ్లేషణకు, పరికరాల తయారీకి ప్రాధాన్యం బాగా పెరిగింది.

ఒక ఉదాహరణ చెబుతాను. విలీనం తర్వాత మిగిలిన కృష్ణబిలం సెకనులో అతి స్వల్ప భాగం పాటు కంపించి సద్దుమణుగుతుందనీ, ఆ కంపనాలు దాని ద్రవ్యరాశిని పట్టిస్తాయనీ 1970లో లెక్కకట్టి చూపినవారు మన దేశానికే చెందిన సి.వి. విశ్వేశ్వర. 2025 జనవరి 14న మరో విలీనం నుంచి లైగోకు అందిన సంకేతం ఎంతో స్పష్టంగా ఉండడంతో, ఆ కంపనంలోని ఒకటికి మించిన పౌనఃపున్యాలను విడదీసి చూడగలిగారు. విలీనానికి ముందు రెండింటి ఉపరితల వైశాల్యం కలిపి దాదాపు 2,40,000 చదరపు కిలోమీటర్లు కాగా, మిగిలినదాని వైశాల్యం దాదాపు 4,00,000 చదరపు కిలోమీటర్లని తేల్చి, మొత్తం వైశాల్యం తగ్గదన్న 1971 నాటి హాకింగ్ సిద్ధాంతాన్నీ సరిచూశారు. ఇలాంటి ఫలితం వెనుక సైద్ధాంతికులతో పాటు ప్రోగ్రాములు రాసేవారు, లేజర్ నిపుణులు, గణాంక శాస్త్రం తెలిసినవారు ఎందరో ఉంటారు. కాబట్టి మీ ఆలోచనకూ, ఆమె కోరికకూ మీరనుకుంటున్నంత దూరం లేదు.

అయితే యూట్యూబ్ వీడియోల వల్ల కలిగిన ఆసక్తి వేరు, ఏళ్ల తరబడి లెక్కలతో కూర్చోగల ఓర్పు వేరు. పబ్లిక్ పరీక్షలు, ప్రవేశ పరీక్షలు ముగిశాక ఆమెకు ఒక పని అప్పగించండి. 2015 నాటి సంకేతం డేటాను లైగో బృందం అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంత నేర్చుకుని, ఆ డేటాలో 35 నుంచి 350 హెర్ట్జ్‌ల మధ్య భాగాన్ని మాత్రం ఉంచి, మిగతా రొదను వడగట్టాలి. అప్పుడు సెకనులో అయిదో వంతు పాటు సాగుతూ, పోనుపోను వేగం పుంజుకునే తరంగం తెరపై కనిపిస్తుంది. లైగో పరికరాలున్న రెండు చోట్లలో ఒకటైన లివింగ్‌స్టన్‌లో నమోదైన దాదాపు 7 మిల్లీసెకన్లకు అదే ఆకృతి రెండోదైన హాన్‌ఫర్డ్‌లో తలకిందులుగా కనిపిస్తుంది. అది ఎందుకు తలకిందులైందో తెలుసుకునే దాకా ఆమె నిద్రపోకపోతే, నా దృష్టిలో అది ఇంటర్ మార్కుల కన్నా నమ్మదగిన సూచన.

చదువు విషయానికొస్తే, ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థల) ఆప్టిట్యూడ్ టెస్ట్ ద్వారా తిరుపతి, బరంపురం తదితర ఐసర్లలో అయిదేళ్ల బీఎస్–ఎంఎస్‌లో చేరవచ్చు. భువనేశ్వర్‌లోని ఇలాంటి మరో సంస్థ నైసర్‌కు నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విశాఖలోనే ఉంచాలనుకుంటే ఇక్కడ బీఎస్సీ చేయించి, ఐఐటీ జామ్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఎంఎస్సీకి పంపవచ్చు. బీటెక్ చేసినా దారి మూసుకుపోదు. పుణెలోని అయుకా, బెంగళూరులోని ఐసీటీఎస్ వంటి పరిశోధన సంస్థలు ఇంజినీరింగ్ పట్టభద్రులను కూడా పీహెచ్‌డీకి పరిశీలిస్తాయి. కాకపోతే భౌతికశాస్త్రాన్ని సొంతంగా చదువుకోవలసి వస్తుంది, అది చెప్పినంత తేలిక కాదు.

ఆదాయం గురించి దాపరికం లేకుండా చెప్పాలి. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి కింద మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 వస్తాయి, ఇంటి అద్దె భత్యం అదనం. ఆ తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అనంతర తాత్కాలిక పరిశోధన) పేరిట మరికొన్నేళ్లు, తరచుగా విదేశాల్లో గడపవలసి ఉంటుంది. శాశ్వత ఉద్యోగం దొరికేసరికి ముప్పై దాటడం మామూలే, అందరికీ దొరకదు కూడా. పెళ్లి తొందర ఉన్న ఇళ్లలో ఈ మాట ముందే అనుకోవడం మేలు. మరోవైపు, మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రూ.2,600 కోట్ల అంచనాతో అదే తరహా పరిశోధనశాల లైగో–ఇండియా నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దానికి లేజర్లు, శూన్య (వాక్యూమ్) వ్యవస్థలు, డేటా విశ్లేషణ తెలిసినవారు కావాలి. పరిశోధనలో కొనసాగలేకపోయినా ఇదే డేటా నైపుణ్యం ఐటీ రంగంలో అక్కరకొస్తుంది.

కనుక ఈఏపీసెట్ మానిపించవద్దు, దానితో పాటు ఐసర్, నెస్ట్ పరీక్షలూ రాయించండి. ఆ రెండింటికీ దరఖాస్తులు విడివిడిగా పెట్టాలి. గడువు తేదీలను కళాశాల వారు గుర్తుచేస్తారని ఊరుకోకుండా ఆయా వెబ్‌సైట్లలో మీరే చూసుకోండి.