అమ్మానాన్నలకు యుద్ధభూములు చూపించాలంటే ఎక్కడ దిగాలి?

కావలి నుంచి అమ్మానాన్న వస్తున్నారు, పారిస్‌లో నా రూములోనే ఉండి మొదటి ప్రపంచయుద్ధం జరిగిన చోట్లు చూపించొచ్చా అని అడిగావు తమ్ముడూ. వద్దు. ఉదయగిరి కోట చూడాలనుకున్నవాడు మద్రాసులో రూము తీసుకోడు కదా, నెల్లూరులో దిగుతాడు. ఇక్కడ నెల్లూరు లాంటి ఊరు ఉత్తర ఫ్రాన్స్‌లోని లీల్. పారిస్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో గంట ప్రయాణం.

స్టేషన్ దగ్గర్లో వంటగది ఉన్న అపార్ట్‌మెంటు చూడు. రాత్రికి ఇంత అన్నం, గోంగూర పచ్చడి కడుపులో పడితే అమ్మ మర్నాడు ఎంత దూరమైనా నడుస్తుంది. ఆదివారం మధ్యాహ్నానికి చాలా షాపులు మూసేస్తారు, పాలూ పెరుగూ శనివారమే తెచ్చిపెట్టుకో.

మావాళ్లు ఒంగోలు నుంచి వచ్చినప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. పొద్దున పారిస్‌లో బయలుదేరి రాత్రికి తిరిగొచ్చేలా ప్లాన్ వేశాను. బెల్జియంలోని ఈప్ర్ ఊళ్లో మెనిన్ గేట్ అనే స్మారక ద్వారం కింద రోజూ రాత్రి 8 గంటలకు చనిపోయిన సైనికుల కోసం బాకా ఊదుతారు. 1928లో మొదలైన ఆచారం అది. రెండో యుద్ధంలో జర్మన్లు ఊరిని పట్టుకున్నప్పుడు ఆగి, 1944లో వాళ్లు పోయిన సాయంత్రమే మళ్లీ మొదలైంది. ఆ గేటు గోడల మీద, సమాధి కూడా తెలియని 54 వేలమందికి పైగా సైనికుల పేర్లున్నాయి. మన దేశంవాళ్లవీ ఉన్నాయి. మేం మాత్రం రైలు కోసం ఆరింటికే వచ్చేశాం. నాన్న ఏమీ అనలేదు గానీ దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాకది ఇప్పటికీ బాధే. అందుకే ఒక్క రాత్రి ఈప్ర్‌లోనే పడుకోండి.

లీల్ నుంచి ఈప్ర్‌కి వెళ్లాలంటే కోర్ట్రైక్‌లో రైలు మారాలి. బోర్డుల మీద ఈప్ర్ అని ఉండదు, ఈపర్ అని ఉంటుంది. బెల్జియంలో లీల్‌నే రైసెల్ అని రాస్తారు. ఇది తెలియకపోతే ప్లాట్‌ఫాం మీద టెన్షన్ పడతావు. సరిహద్దులో ఆపకపోయినా పాస్‌పోర్టులు దగ్గరుంచుకోండి.

సోమ్ యుద్ధభూమి చూడాలంటే ఆమియాఁ ఊళ్లో దిగాలి, రెండో యుద్ధంలో 1944 నాటి నార్మండీ తీరం చూడాలంటే బాయో ఊళ్లో దిగాలి. అవి వేరే ట్రిప్పులు, వీటితో కలపొద్దు.

నెవ్ షపెల్ మాత్రం తప్పకుండా చూపించు. లీల్‌కి 25 కిలోమీటర్ల దూరంలో, 1915 మార్చిలో మనవాళ్లు పోరాడిన చోటు. 1927లో కట్టిన భారత సైనికుల స్మారకం మీద 4,700కు పైగా పేర్లున్నాయి. తామరపువ్వు తలతో ఎత్తైన స్తంభం, రెండు పక్కలా రాతి పులులు. చుట్టూ పొలాలే. రెండోసారి వచ్చినప్పుడు నాన్న ఆ గోడ మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదువుతూ ఉండిపోయాడు. కాబట్టి ఆ పూట ఇంకేమీ పెట్టుకోకు. టాక్సీకి రానూపోనూ ముందే మాట్లాడుకో, స్మారకం ఉన్న కూడలిలో వేరే బండి దొరకదు.